సంతకం పెట్టించుకునే ముందు ఆ మాటలకు అర్థం చెప్పండి

సంస్థల్లో హెచ్‌ఆర్ విభాగాలు నడిపేవారికి, వైవిధ్యం గురించీ ఇన్‌క్లూజన్ (అందరినీ కలుపుకోవడం) గురించీ పాలసీలు రాసేవారికి, వాటి మీద ఉద్యోగులకు శిక్షణ ఇచ్చేవారికి,

నమస్కారం.

కొన్నాళ్ల క్రితం మా ఆఫీసులో జరిగిన ఒక శిక్షణ చివర నేను ఒక కాగితం మీద సంతకం పెట్టాను. "వైవిధ్యం, సమానత్వం, ఇన్‌క్లూజన్‌కు సంబంధించిన ముఖ్యమైన పదాలన్నీ నాకు అర్థమయ్యాయి" అని అందులో రాసి ఉంది. నిజానికి నాకు ఒక్క పదం కూడా అర్థం కాలేదు. ఆ గదిలో లైట్లు ఆర్పేశారు.

నాకు 11 ఏళ్ల వయసు నుంచి రెండు చెవులూ సరిగా వినపడవు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటాను. కళ్లజోడు పెట్టుకుంటే అక్షరాలు తేటపడ్డట్టే, చెవిలో మెషిన్ పెట్టుకుంటే మాటలు తేటపడతాయని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. అది మాటతో పాటు మిగతా చప్పుళ్లనూ పెంచుతుంది. ఏసీ హోరు, కుర్చీ జరిపిన శబ్దం, వెనక ఎవరో దగ్గడం, అన్నీ ఒక్కసారి మీద పడతాయి. అందుకే నేను సగం చెవులతో, సగం కళ్లతో వింటాను. ఎదుటివారి పెదాలు చూస్తాను, ముఖం చూస్తాను, మధ్యలో పోయిన మాటల్ని ఊహించుకుంటాను. ఆ రోజు 40 మందిని కూర్చోబెట్టి, వీడియో బాగా కనపడాలని లైట్లు తీసేశారు. వీడియో కింద క్యాప్షన్లు లేవు. శిక్షణ ఇస్తున్నాయన చీకట్లో తెర వైపు తిరిగి మాట్లాడారు. గంటసేపట్లో నాకు దొరికినవి స్లైడ్ల మీద పెద్దక్షరాల్లో ఉన్న అయిదారు మాటలు. వాటిల్లో ఒకటి ఇన్‌క్లూజన్.

చివర్లో ఆ కాగితం చేతులు మారుతూ నా దగ్గరికొచ్చింది. నా తర్వాత ఇంకా పాతిక మంది సంతకాలు పెట్టాలి. చెయ్యెత్తి "నాకేం వినపడలేదండీ" అంటే నలభై తలలూ ఇటు తిరుగుతాయి. టెన్షన్‌తో సంతకం పెట్టేశాను. శిక్షణ ఇచ్చినాయన మీద నాకు కోపం లేదు, మంచి మనిషే. ఆయనకు ఆ మాటలు వచ్చు, ఆ మాటలు ఏ పని చేయమంటున్నాయో తెలియదు. ఆ తెలియకపోవడం ఆయన ఒక్కరిదే అయితే ఈ లేఖ రాసేదాన్ని కాదు.

తర్వాత ఆ శిక్షణ ఏ పాలసీ మీద ఇచ్చారో దాని తెలుగు ప్రతి నా బల్ల మీదికొచ్చింది. పత్రాలు సరిచూడటం నా ఉద్యోగం. తీరిగ్గా చదివితే, వెలుగులో కూర్చుని వినగలిగిన వాళ్లకు కూడా ఏం అర్థమై ఉంటుందా అనిపించింది. ఈక్వాలిటీకీ సమానత్వం అనే రాశారు, ఈక్విటీకీ సమానత్వం అనే రాశారు. ఫలితంగా మూడో పేజీలో ఒక వాక్యం ఇలా తయారైంది: "సమానత్వం ఒక్కటే చాలదు, సమానత్వం కూడా అవసరం." ఆ వాక్యాన్ని రాసినవాళ్లు చూశారు, ఆమోదించినవాళ్లు చూశారు. ఎవరికీ తప్పుగా అనిపించలేదు. ఎందుకంటే ఆ మాటల మీద ఎవరూ ఏ పనీ చేయబోవడం లేదు. జీతాల పట్టికలోనో ప్రమోషన్ల నిబంధనల్లోనో ఇలాంటి వాక్యం ఒక్క పూట కూడా నిలవదు.

కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. సమానత్వం అంటే అందరికీ ఒకే విలువ, ఒకే హక్కు. ఇది పునాది. ఈక్విటీ అంటే ఆ హక్కు ప్రతి ఒక్కరి చేతికీ నిజంగా అందేలా చూడటం. దీనికి నేను సమన్యాయం అని రాసుకున్నాను. ఇంతకన్నా మంచి మాట దొరికితే సంతోషమే, కానీ సమానత్వం అని మాత్రం రాయొద్దు. ఆ వీడియో 40 మందికీ ఒకేలా వేశారు, అది సమానంగా ఇవ్వడమే. 39 మందికి అందింది, నాకు అందలేదు. క్యాప్షన్లు పెట్టి ఉంటే నాకు ఎక్కువ ఇచ్చినట్టు కాదు, వాళ్లకు ఇచ్చిందే నాకూ ఇచ్చినట్టు.

ఈ తేడా చెప్పడానికి శిక్షణల్లో ఒక బొమ్మ చూపిస్తారు. మీరూ చూపించే ఉంటారు. క్రెయిగ్ ఫ్రోల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 2012లో తయారుచేసింది అది. తర్వాత ఎందరో మార్చి మార్చి వాడుకున్నారు. చెక్క కంచె అవతల బేస్‌బాల్ ఆట జరుగుతూ ఉంటుంది. ఇవతల వేర్వేరు ఎత్తుల్లో ముగ్గురు పిల్లలు, మూడు పెట్టెలు. ఒక వైపు తలా ఒక పెట్టె ఇస్తే పొట్టివాడికి ఆట కనపడదు. రెండో వైపు పొడుగువాడి పెట్టె కూడా పొట్టివాడికి ఇస్తే ముగ్గురికీ కనపడుతుంది. బొమ్మ తేలిగ్గా అర్థమవుతుంది కాబట్టే అంతగా పాకింది. కానీ నాకు దాన్ని చూసినప్పుడల్లా మనసులో ఏదో గుచ్చుకుంటుంది. ఆ బొమ్మలో లోపమంతా పిల్లవాడి ఎత్తులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. అందరూ పెట్టెల లెక్క చూస్తారు. కంచె ఎవరు కట్టారు, అంత ఎత్తు ఎందుకు కట్టారు అని అడగరు. తర్వాత కొందరు కంచె తీసేసి మూడో బొమ్మ గీశారు. శిక్షణలో ఒక్క బొమ్మకే టైముంటే దయచేసి ఆ మూడోది చూపించండి.

కంచె గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1976లో బ్రిటన్‌లో వికలాంగులే నడుపుకున్న ఒక సంఘం రెండు మాటల్ని విడదీసింది. శరీరంలో ఉన్నది లోపం. ఆ లోపం ఉన్నవారిని పక్కన పెట్టేలా సమాజం ఏర్పాటు చేసుకున్న తీరు వైకల్యం. కాలు కదలకపోవడం లోపం, మెట్లు తప్ప మరో దారి లేకపోవడం వైకల్యం. తర్వాత 1983లో మైక్ ఆలివర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఈ ఆలోచనకు సామాజిక నమూనా అని పేరు పెట్టారు. ఆయన స్వయంగా చక్రాల కుర్చీలో తిరిగినవారు. ఈ విషయం మొదటిసారి చదివిన రోజు నాకు బాగా గుర్తు. అప్పటిదాకా సమస్య నేనే అనుకుంటూ బతికాను. ఆ గదిలో లైటు వేసి ఉంటే, తెర కింద అక్షరాలు ఉంటే, నా చెవులు అవే చెవులు, వినికిడి అదే వినికిడి, కానీ వైకల్యం లేదు. దాన్ని తయారుచేసింది ఒక స్విచ్చు.

ఇది నా ఒక్కరి గోడు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం చెప్పుకోదగ్గ వైకల్యంతో బతుకుతున్నవారు దాదాపు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. వినికిడి తగ్గి ఏదో ఒక సాయం అవసరమైనవారే 43 కోట్లకు పైగా ఉన్నారు. వీరిలో చాలామందిని చూసి మీరు గుర్తుపట్టలేరు. నన్ను కూడా, జుట్టు చెవుల మీదుగా వేసుకుంటే, గుర్తుపట్టలేరు. "మా దగ్గర అలాంటివాళ్లు ఎవరూ లేరండీ" అని ఒక సమావేశంలో ఒక అధికారి నా ఎదురుగా కూర్చునే అన్నారు.

ఇక్కడే మరో మాట వస్తుంది. ఇంగ్లిష్‌లో రీజనబుల్ అకామడేషన్ అంటారు. ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరులో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో దీనికి స్పష్టమైన నిర్వచనం ఉంది. ఒక వ్యక్తికి అవసరమైన, తగిన మార్పులు చేయాలి. ఆ మార్పులు సంస్థ మీద మోయలేని భారం కాకూడదు. అలాంటి మార్పును నిరాకరిస్తే అది కూడా వివక్షే. ఈ చివరి మాట చాలా పాలసీల్లో కనపడదు. దాంతో అది హక్కు స్థానం నుంచి దయ స్థానానికి జారిపోతుంది. మా పాలసీలో దాన్ని "సర్దుబాటు" అని అనువదించారు. నేను ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మన భాషలో సర్దుకుపొమ్మని ఎవరికి చెబుతాం? బలం తక్కువున్నవాళ్లకే చెబుతాం. కోడలికి చెబుతాం, కొత్తగా చేరినవాడికి చెబుతాం, చివర కూర్చున్నవాళ్లకు చెబుతాం. ఆ ఒప్పందం చెబుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. సర్దుకోవాల్సింది సంస్థ. ఆ మాటే వాడాలనుకుంటే, "సంస్థ చేయాల్సిన సర్దుబాటు" అని పూర్తిగా రాయండి. ఆ ముందు రెండు మాటలు లేకపోతే చదివేవాళ్లకు సరిగ్గా వ్యతిరేకమైన అర్థం చేరుతుంది.

వైవిధ్యం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అన్ని పాలసీలూ దాని గురించే ఎక్కువ చెబుతాయి. అది ఒక గుంపుకు ఉండే లక్షణం. వేర్వేరు నేపథ్యాలు, వయసులు, శరీరాలు, భాషలు, నమ్మకాలు ఉన్న మనుషులు కలిసి ఉంటే ఆ బృందంలో వైవిధ్యం ఉందంటాం. ఒక్క మనిషిలో వైవిధ్యం ఉండదు. "డైవర్సిటీ క్యాండిడేట్" అని ఒక మనిషిని పిలవడం అందుకే తప్పు. ఆ మాట వెనక "మామూలు క్యాండిడేట్" అనే మాట దాక్కుని ఉంటుంది. నా ఫైలు మీద ఎవరో పెన్సిల్‌తో అలా రాసి ఉండటం నేను చూశాను. ఆ రెండు మాటల ముందు నా పదేళ్ల అనుభవం ఎంత చిన్నదైపోయిందో ఆ రాసినవారికి తెలియదు.

మనుషుల్ని తెచ్చి కూర్చోబెట్టగానే పని అయిపోదని రోసబెత్ మాస్ కాంటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1977లోనే చూపించారు. ఒక పెద్ద కంపెనీలో పనిచేసే స్త్రీల పరిస్థితిని ఆమె దగ్గరుండి పరిశీలించారు. ఒక బృందంలో ఏదో ఒక వర్గంవారు 15 శాతం లోపే ఉంటే వారిని మిగతావాళ్లు మనుషులుగా చూడరు, ఆ వర్గానికి ప్రతినిధులుగా చూస్తారన్నది ఆమె గమనించిన సంగతి. వారు చేసే ప్రతి పనీ అందరి కళ్లలో పడుతుంది. ఒకరు తప్పు చేస్తే ఆ వర్గమంతా చేసినట్టు లెక్క. దీన్నే టోకెనిజం అంటున్నాం. చూపించుకోవడానికి ఒకరిని పెట్టుకోవడం అని నేను తెలుగులో రాశాను. కొంచెం కటువుగా ఉందని మార్చమన్నారు. మార్చలేదు.

ఇక వివక్ష. ఈ మాట వినగానే ఎవరో ఎవరినో తిట్టడం, తోసేయడం గుర్తొస్తుంది. "మేం ఎవరినీ తక్కువగా చూడం" అని అందరూ నిజాయితీగానే అంటారు. కానీ ద్వేషం లేకుండా కూడా వివక్ష జరుగుతుంది. దాన్ని పరోక్ష వివక్ష అంటారు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన గ్రిగ్స్ కేసు దీనికి మంచి ఉదాహరణ. ఒక విద్యుత్ కంపెనీలో అంతకుముందు నల్లజాతివారిని కూలి పనుల విభాగానికే పరిమితం చేసేవారు. అక్కడి అత్యధిక జీతం మిగతా విభాగాల అత్యల్ప జీతం కన్నా తక్కువ. చట్టం మారాక ఆ నిబంధన పోయింది. కానీ మంచి విభాగాలకు వెళ్లాలంటే హైస్కూల్ సర్టిఫికెట్ ఉండాలి, లేదంటే రాత పరీక్షలు పాసవ్వాలి. నిబంధన అందరికీ ఒక్కటే. కానీ తరతరాలుగా సరైన చదువు అందనివాళ్లు దాని దగ్గర ఆగిపోయారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ సర్టిఫికెట్ లేని తెల్లజాతి ఉద్యోగులు అవే పనుల్ని చక్కగా చేస్తూనే ఉన్నారు. ఉద్యోగానికి సంబంధం లేని షరతు, ఉద్దేశం ఏదైనా సరే, ఫలితంలో కొందరిని బయట పెడుతుంటే అది చెల్లదని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది.

మీలో కొందరు "మరి ప్రతిభ సంగతేంటి" అని అడుగుతారని తెలుసు. నా పక్క సీటాయన కూడా అడిగారు. మంచి ప్రశ్నే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లో చేసిన 111వ ఒప్పందంలో వివక్షకు నిర్వచనం ఉంది. ఉద్యోగానికి నిజంగా అవసరమైన అర్హతను అడగడం వివక్ష కాదని అందులోనే రాసి ఉంది. కాబట్టి అడగాల్సిందల్లా ఒక్కటే, ఈ షరతు పనికి అవసరమా, మనకు అలవాటా? పత్రాలు సరిచూసే నా ఉద్యోగ ప్రకటనలో "ఫోన్‌లో బాగా మాట్లాడగలగాలి" అని ఉంది. ఇన్నేళ్లలో ఆ పని కోసం నేను ఫోన్ ఎత్తాల్సిన అవసరం రాలేదు. ఆ వాక్యం పాత ప్రకటన నుంచి కాపీ అవుతూ వచ్చింది, అంతే. దాన్ని చూసి దరఖాస్తే పెట్టనివాళ్లు ఎంతమందో మీ లెక్కల్లో ఎక్కడా ఉండదు.

తెలియకుండా మనలో పనిచేసే పక్షపాతం సంగతి కూడా ఇలాంటిదే. 2004లో ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. బోస్టన్, షికాగో నగరాల్లో ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 ఊహాజనిత దరఖాస్తులు పంపారు. వాటి మీద పేర్లు మాత్రం వేర్వేరుగా పెట్టారు. తెల్లజాతివారివిగా వినిపించే పేర్లున్న దరఖాస్తులు సగటున పది పంపితే ఒక పిలుపు వచ్చింది. నల్లజాతివారివిగా వినిపించే పేర్లకు పదిహేను పంపాల్సి వచ్చింది. ఆ దరఖాస్తులు చూసినవాళ్లలో ఎంతమంది తమకు పక్షపాతం ఉందని ఒప్పుకుంటారు? అందుకే ఒక పూట శిక్షణతో మనసులు మారిపోతాయని నేను నమ్మను. మనసు మారే వరకూ ఆగకుండా పద్ధతి మార్చండి. మొదటి వడపోతలో పేరు, ఫొటో, వయసు కనపడకుండా చేయండి. ఇంటర్వ్యూలో అందరినీ అవే ప్రశ్నలు అడగండి. మార్కులు ఎలా వేస్తారో ముందే రాసుకోండి. ఇవి చేయడానికి ఎవరూ మహాత్ములు కానక్కర్లేదు.

అనువాదంలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్న మాట ఇంటర్‌సెక్షనాలిటీ, అంటే ఒకే మనిషి మీద రెండు మూడు రకాల వివక్షలు కలిసి పడటం. దాన్ని "ఖండన" అని రాశారు. లెక్కల పుస్తకంలో రెండు గీతలు కలిసేచోట ఆ మాట సరిపోతుందేమో. మామూలుగా చదివేవారికి ఖండన అంటే నాయకులు ఒకరి మాటను మరొకరు తప్పని చెప్పడమే. దీనికి నాకు కూడలి అనే మాట నచ్చింది. ఈ పదాన్ని సృష్టించిన అమెరికన్ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కింబర్లే క్రెన్‌షా 1989లో రాసిన వ్యాసంలో సరిగ్గా అదే పోలిక వాడారు. నాలుగు రోడ్లు కలిసేచోట నిలబడ్డ మనిషికి దెబ్బ ఏ వైపు నుంచైనా తగలొచ్చు, అన్ని వైపుల నుంచీ ఒకేసారి తగలొచ్చు.

ఆ వ్యాసంలో ఆమె చర్చించిన కేసు మీ పాలసీలో తప్పకుండా ఉండాలి. జనరల్ మోటార్స్ మీద అయిదుగురు నల్లజాతి స్త్రీలు కేసు వేశారు. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను తీసుకోలేదు. తర్వాత ఉద్యోగాల కోత వచ్చినప్పుడు చివర చేరినవాళ్లను ముందు తీసేశారు. అంటే ఈ స్త్రీలనే తీసేశారు. 1976లో కోర్టు ఏమందంటే, కంపెనీ స్త్రీలను తీసుకుంది కాబట్టి స్త్రీలన్న కారణంతో వివక్ష లేదు, జాతి వివక్ష సంగతి వేరే కేసులో చూసుకోండి, రెండూ కలిపి కొత్త రకం ఫిర్యాదు తేవడానికి వీల్లేదు. కానీ ఆ కంపెనీ తీసుకున్న స్త్రీలు తెల్లవాళ్లు, ఆఫీసు పనుల్లో. తీసుకున్న నల్లవాళ్లు మగవాళ్లు, ఫ్యాక్టరీ పనుల్లో. రెండు జాబితాల్లోనూ ఉండాల్సినవాళ్లు ఏ జాబితాలోనూ లేకుండా పోయారు.

నాకు ఇది పుస్తకంలో విషయంలా అనిపించదు. మా దగ్గర స్త్రీల కోసం ఒక కమిటీ ఉంది, వికలాంగుల కోసం ఒక కమిటీ ఉంది. రాత్రి ఆలస్యమైనప్పుడు ఇంటికి క్షేమంగా చేరడానికి ఏం చేయాలో మొదటి కమిటీ చెప్పింది, ఒక నంబరుకు ఫోన్ చేయాలి. నాకు ఫోన్‌లో వినపడదు. ఈ సంగతి చెబితే అది వికలాంగుల కమిటీ విషయమన్నారు. వాళ్లను అడిగితే రవాణా తమ పరిధి కాదన్నారు. ఒక మెసేజ్ పంపే సౌకర్యం కోసం నాలుగు నెలలు తిరిగాను. రెండు కమిటీల్లోనూ మంచివాళ్లే ఉన్నారు. కూడలి మాత్రం ఎవరి పరిధిలోనూ లేదు.

మైక్రోఅగ్రెషన్ అనే మాటకు "సూక్ష్మ దురాక్రమణ" అని చూసి నేను కాసేపు పెన్ను పక్కన పెట్టాను. అది చదివి ఏ ఉద్యోగికి తన ప్రవర్తన గుర్తొస్తుంది? చెస్టర్ పియర్స్ అనే నల్లజాతి సైకియాట్రిస్టు 1970లో ఈ మాట తెచ్చారు. పెద్ద అవమానం కాదు, కానీ రోజూ పడే చిన్న చిన్న దెబ్బలు అని ఆయన ఉద్దేశం. నిర్వచనం కన్నా ఒక ఉదాహరణ బాగా పనిచేస్తుంది. భోజనం బల్ల దగ్గర ఎవరో ఏదో అంటారు, అందరూ నవ్వుతారు. నేను "ఏమన్నారు?" అని అడుగుతాను. "ఏం లేదులే, తర్వాత చెప్తా" అంటారు. ఆ తర్వాత ఎప్పుడూ రాదు. ఒక్కసారైతే ఏమీ కాదు. నేను 11 ఏళ్ల వయసు నుంచి వింటున్న మాట అది. బడిలో విన్నాను, కాలేజీలో విన్నాను, పెళ్లిళ్లలో విన్నాను. ఇప్పుడు "ఏమన్నారు?" అని అడగడమే మానేశాను, వాళ్లు నవ్వితే నేనూ నవ్వుతాను. "ఏం లేదులే" బదులు ఆ జోకును రెండోసారి చెప్పడానికి పట్టేది పది సెకన్లు. మీ శిక్షణలో ఈ పది సెకన్ల గురించి చెప్పండి.

లింగం, లింగ గుర్తింపు, లైంగికత అనే మూడు మాటల్ని పాలసీలో ఒకే వాక్యంలో కుక్కేశారు. అవి మూడు వేర్వేరు సంగతులు. శరీరం ఒకటి, తాను ఎవరని మనిషికి తెలియడం ఒకటి, ఎవరి మీద మనసు పోతుందన్నది మరొకటి. వీటి గురించి నేను ఇంతకన్నా చెప్పడం సరికాదు. ఆ జీవితం జీవిస్తున్నవారిని పిలిచి, వారి సమయానికి విలువ కట్టి, వారి చేతే రాయించండి. ఒకరిని ఎలా పిలవాలో తెలియకపోతే మనకు "వారు", "గారు" అనే మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. గౌరవమూ ఇస్తాయి, ఆడా మగా అన్న ఊహా అంటించవు.

ఇక నన్ను ఈ లేఖ రాయించిన మాట, ఇన్‌క్లూజన్. చేరిక అంటారు, సమ్మిళితం అంటారు. నాకు ఏదీ పూర్తిగా తృప్తినివ్వలేదు. చేర్చుకోవడం అంటే ఇల్లు ఒకరిది, వచ్చేది ఇంకొకరు అన్నట్టుంటుంది. అసలు విషయం మన వ్యాకరణంలోనే ఉంది. ఇంగ్లిష్‌లో "వీ" అంటే అందులో ఎదుటివాళ్లున్నారో లేరో తెలియదు. తెలుగులో తెలిసిపోతుంది. "మేము" అంటే వినేవాళ్లు బయట, "మనం" అంటే లోపల. భాషా శాస్త్రవేత్తలు కూడా ఈ తేడాకు ఇన్‌క్లూజివ్, ఎక్స్‌క్లూజివ్ అనే పేర్లే వాడతారు. చిన్న పిల్లలు కూడా ఈ తేడా పట్టేస్తారు. "మేం సినిమాకి వెళ్తున్నాం" అంటే తమను తీసుకెళ్లడం లేదని వెంటనే ఏడుపు అందుకుంటారు.

ఇప్పుడు ఆ పాలసీ మొదటి వాక్యం చూడండి: "మేము మా ఉద్యోగులలోని వైవిధ్యాన్ని గౌరవిస్తాము." ఉద్యోగికి ఇచ్చిన పత్రంలో, ఉద్యోగితో మాట్లాడుతూ, "మేము". గౌరవించేవాళ్లు అటు, గౌరవం పొందాల్సినవాళ్లు ఇటు. అనువాదకుడిని నిందించను, ఇంగ్లిష్ పాలసీలోని ఉద్దేశం తెలుగులోకి వచ్చేసరికి దాక్కోలేక బయటపడింది, అంతే. నేను దాన్ని "మనం" అని దిద్ది పంపాను. లీగల్ విభాగం మళ్లీ "మేము" చేసింది. బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉండాలన్నారు. ఆ కారణం న్యాయమైనదే. బాధ్యత చెప్పే వాక్యాల్లో "సంస్థ" అనే రాయండి, "సంస్థ క్యాప్షన్లు ఏర్పాటు చేస్తుంది" అని. కలిసి బతకడం గురించి చెప్పే వాక్యాల్లో మాత్రం "మనం" రాయండి.

ఒక్క మాట మారిస్తే ఏమవుతుందని అడిగేవారికి హంసా మెహతా గారి సంగతి చెప్పాలి. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన తయారవుతున్నప్పుడు ఆమె ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘంలో భారత ప్రతినిధి. మొదటి అధికరణ ముసాయిదాలో ఇంగ్లిష్‌లో "మెన్" అని ఉంది. పురుషులందరూ అని చదువుకోవడానికి వీలున్న ఆ మాటను ఆమె పట్టుబట్టి మార్పించారు. ఈ రోజు అక్కడ "మానవులందరూ" అనే అర్థమొచ్చే మాట ఉంది. "మెన్ అంటే అందరూ అనే కదా అర్థం" అని అప్పుడూ అన్నారు.

2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం తన శాఖల్లో వైవిధ్యం, సమన్యాయం, ఇన్‌క్లూజన్ కార్యక్రమాలన్నీ ఆపేయమని ఉత్తర్వు ఇచ్చింది. కొన్ని పెద్ద కంపెనీలు కూడా ఈ మాటల్ని తమ పత్రాల నుంచి నెమ్మదిగా తీసేశాయి. మీ మీద కూడా ఆ ఒత్తిడి వస్తుంది. పేరు మార్చుకుంటే నాకు అభ్యంతరం లేదు, క్యాప్షన్లు ఉంటే చాలు, కూడలికి ఒక బాధ్యుడు ఉంటే చాలు. నాకున్న భయం వేరు. మాట కింద పని లేనిచోట, మాట తీసేసిన రోజున ఏం పోయిందో చెప్పగలిగినవారు ఎవరూ ఉండరు.

అందుకే అడుగుతున్నాను. మీ పదాల పట్టికలో ప్రతి మాట పక్కనా నిర్వచనంతో పాటు ఇంకో గడి పెట్టండి, ఈ మాట వల్ల రేపటి నుంచి ఎవరు ఏం చేస్తారు అని. ఆ గడి నింపలేకపోతే ఆ మాట ఇంకా మీకే అర్థం కాలేదని అనుకోండి, గోడకు అంటించకండి. పట్టిక రాసేటప్పుడు ఆ మాటలు ఎవరి గురించో వారిని బల్ల దగ్గర కూర్చోబెట్టండి. వికలాంగుల ఉద్యమంలో ఎన్నో ఏళ్లుగా వినిపిస్తున్న నినాదం ఒకటుంది: "మేం లేకుండా మా గురించి ఏదీ వద్దు." ఆ "మేం" లోంచి "మనం" లోకి రావాలంటే ముందు కుర్చీ వేయాల్సింది మీరే. సంతకం కాగితంలో "అర్థమైంది" పక్కన "అర్థం కాలేదు" అనే గడి కూడా ఉంచండి. దాన్ని టిక్ చేసినవారిని నలుగురి ముందు అడగకుండా, విడిగా, ముఖం కనపడేలా కూర్చుని అడగండి.

నేను పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు మా హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా తెలియజేశాను. ఆ శిక్షణకు మళ్లీ వస్తాననీ రాశాను. వీడియోలోని మాటలు రాసి ముందురోజే పంపితే చదువుకుని వస్తాను. ముందు వరుసలో, శిక్షకుడి ముఖం కనపడేచోట కూర్చుంటాను. లైట్లు మాత్రం వేసే ఉంచండి.

ఇట్లు,
పత్రాలు సరిచూసే ఒక ఉద్యోగిని